ఇడ్లీ కూడా వద్దంటున్నాడు

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి చదువుతున్నాడు. ఏడాది కిందటి దాకా పప్పన్నం, చారు, గుడ్డు, కోడికూర అన్నీ తినేవాడు. బంధువుల ఇంట్లో శుభకార్యానికి వెళ్లినప్పుడు మాంసం ముక్క గొంతుకు అడ్డుపడి ఉక్కిరిబిక్కిరయ్యాడు. వీపు మీద చరిస్తే బయటపడింది. ఆ రోజు నుంచి మాంసం మానేశాడు. తరువాత గుడ్డు, ఆ తరువాత కూరలు, పప్పు. ఇప్పుడు తాలింపు లేని పెరుగన్నం, దోసె, ఒక కంపెనీ బిస్కెట్లు, బంగాళాదుంప చిప్స్, పాలు, అంతే. ఇడ్లీ తినేవాడు. పోయిన నెల ఆ పిండిలో క్యారెట్ తురిమి కలిపాను. కనిపెట్టేశాడు, అప్పటి నుంచి ఇడ్లీ కూడా ముట్టడం లేదు. మా అత్తగారు ఫోను చూపిస్తూ వెంట తిరిగి తినిపిస్తారు. మా వారు ఇది పంతమేనని, రెండు రోజులు పస్తు ఉంచితే దారికి వస్తాడని అంటారు. నా గారాబమే చెడగొట్టిందని అందరి మాట. వచ్చే నెల మా చెల్లెలి పెళ్లి ఉంది. అందరి ముందూ ఏం చేయాలో తెలియక భయంగా ఉంది. దారి చూపండి.
— ఒక తల్లి, తెనాలి

సమాధానం: అమ్మా, అన్నిటికంటే ముందు మీ వారి మాటకు జవాబు చెప్పాలి. అది ఆలస్యం చేయకూడని విషయం. దయచేసి బాబును పస్తు ఉంచకండి. ఆకలేస్తే అదే తింటాడన్న మాట మామూలుగా పేచీ పెట్టే పిల్లల విషయంలో చాలావరకు నిజమే. రెండేళ్ల నుంచి ఐదారేళ్ల లోపు పిల్లలు కొత్త పదార్థం చూసి మొహం తిప్పుకోవడం దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఒక పూట వద్దన్నా మరో పూట సర్దుకుంటారు. మీ బాబు అన్నీ తిన్న పిల్లవాడు. ఒక ప్రమాదం తరువాత ఒక్కొక్కటే వదులుకుంటూ వస్తున్నాడు. భయం పట్టుకున్న చోట ఆకలి గెలవదు. ఇలాంటి పిల్లలను పస్తు పెడితే బరువు తగ్గుతారు, ఆ మిగిలిన కొద్ది పదార్థాలనూ అనుమానంగా చూడటం మొదలుపెడతారు.

మీ గారాబం దీనికి కారణం కాదు. ఆ మాట మీ వారికీ, అత్తగారికీ కూడా ఈ ఉత్తరం చదివి వినిపించి చెప్పండి. మీకు ఎంతో ఇష్టమైన కూరలో ఒకసారి బల్లి కనిపించిందనుకోండి. ఆ తరువాత ఎవరు ఎంత బతిమాలినా, గిన్నె మార్చి వండినా, ఆ కూర నోటి దాకా వెళ్లదు. మీ బాబుకు ఇప్పుడు ముక్క ఉన్న ప్రతి వంటా అలాంటిదే. పైగా వాడికి కలిగింది రోత ఒక్కటే కాదు, ఊపిరి ఆగిపోతుందన్న భయం. ఏడేళ్ల పిల్లవాడు ఆ మాట నోటితో చెప్పలేడు. "వద్దు" అంటాడు, "వాసన వస్తోంది" అంటాడు, "కడుపు నొప్పి" అంటాడు.

వాడు ఉంచుకున్న జాబితాను ఒకసారి జాగ్రత్తగా చూడండి. ఆ బిస్కెట్లలో ఒకటి ఇంకోదానిలాగే ఉంటుంది. చిప్స్ నోట్లో వేసుకోగానే కరకరలాడి పొడి అయిపోతాయి. తాలింపు లేని పెరుగన్నంలో పంటి కింద ఏదీ తగలదు. అన్నీ ముందే తెలిసిన రుచులు, తెలిసిన మెత్తదనాలు. మన వంట దీనికి పూర్తిగా వేరు. పప్పు ఒక ముద్దలో టమాటా తొక్క వస్తుంది, మరో ముద్దలో ఎండుమిరపకాయ, ఇంకో ముద్దలో ఆవాలు, కరివేపాకు. పులిహోరలో వేరుశనగ గుళ్లు, శనగపప్పు. మనకు అదే రుచి. భయపడిన పిల్లవాడికి మాత్రం ప్రతి ముద్దలోనూ ఏదో పొంచి ఉన్నట్టే. మెత్తగా ఉండే పప్పును కూడా ఎందుకు వదిలేశాడన్నదానికి జవాబు ఇందులో ఉందని నా నమ్మకం.

ఇక ఇడ్లీ. మీరు మంచి ఉద్దేశంతోనే చేశారు. ఎందరో తల్లులు ఇలాగే చేస్తారు, చేయమని సలహా ఇచ్చేవారూ చాలామందే. మామూలు పిల్లల దగ్గర అది చెల్లుతుంది కూడా. మీ బాబు దగ్గర మాత్రం చెల్లదు. క్యారెట్ తినడం నేర్వడం అటుంచి, ఇడ్లీని నమ్మకూడదని నేర్చుకున్నాడు. అందుకే ఇప్పుడు మీ మొదటి పని కొత్తవి చేర్చడం కానే కాదు, ఉన్నవి జారిపోకుండా కాపాడుకోవడం. తినే పదార్థాల్లో రహస్యంగా ఏదీ కలపకండి, చిన్న మాత్ర పొడి కూడా. బాబును దగ్గర కూర్చోబెట్టుకుని, భోజనం వేళ కాకుండా మరెప్పుడైనా చెప్పండి: "ఆ రోజు ఇడ్లీలో క్యారెట్ కలిపింది నేనే. నీకు చెప్పకుండా కలపకూడదు. ఇకమీదట చెప్పకుండా ఏమీ కలపను." ఆ మాట మీద నిలబడండి. తరువాత ఇడ్లీ వేసే రోజున పిండి గరిటెతో వాడినే రేకుల్లో పోయనివ్వండి. లోపల ఏముందో కళ్లారా చూస్తాడు. తినమని అడగకండి. మీరందరూ తినండి, వాడి ముందు దోసె ఉండనివ్వండి. వదిలి నెలే అయింది కాబట్టి ఇడ్లీ తిరిగి వచ్చే అవకాశం, ఏడాదిగా ముట్టని కోడికూర కంటే ఎక్కువ.

ఇంకో చిన్న జాగ్రత్త. ఒకే పదార్థాన్ని ఒకే రూపంలో రోజూ పెడితే ఇలాంటి పిల్లలకు ఒకనాడు హఠాత్తుగా మొహం మొత్తుతుంది, అది మళ్లీ రావడం కష్టం. పెరుగన్నం రెండు పూటలా పెట్టకుండా, ఒక పూట దోసె, ఒక పూట పెరుగన్నం అని తిప్పండి. దోసె ఒకనాడు పెద్దది, ఒకనాడు నాలుగు బుల్లి దోసెలు. చిన్న మార్పే అయినా ముందే చెప్పి చేయండి.

ఈ వారంలోనే పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లండి. "అన్నం తినడం లేదు" అని ఒక్క మాటలో చెబితే ఆకలి సిరప్ రాసి పంపించే ప్రమాదం ఉంది. అందుకే ఒక కాగితం మీద, ఏడాది కిందట తిన్నవి ఒక పక్క, ఇప్పుడు తింటున్నవి ఒక పక్క, ఏది ఏ నెలలో మానేశాడో రాసుకుని వెళ్లండి. పాత బరువులు ఎక్కడైనా రాసి ఉంటే తీసుకెళ్లండి. ఈ వయసులో పిల్లలు ఏడాదికి సుమారు 2 నుంచి 3 కిలోల బరువు, 5 నుంచి 6 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతారు. ఏడాదిగా బరువు అక్కడే ఆగిపోతే, చూడటానికి బాగానే ఉన్నా దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

బరువు బాగున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదని కూడా చెప్పాలి. 2019లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ వైద్యులు ఒక కుర్రవాడి గురించి వైద్య పత్రికలో రాశారు. ప్రాథమిక పాఠశాల రోజుల నుంచి వేపుడు చిప్స్, తెల్ల బ్రెడ్ లాంటి కొద్ది పదార్థాలతోనే పెరిగాడు. ఎత్తు, బరువు సాధారణంగానే ఉన్నాయి. విటమిన్ బి12 తదితర పోషకాల లోపంతో పదిహేడేళ్లకల్లా చూపు బాగా దెబ్బతింది. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు, అది ఏళ్ల తరబడి సాగిన కేసు. మీ బాబు పాలూ పెరుగూ తీసుకుంటున్నాడు కనుక కొంత రక్షణ ఉంది. కానీ వాడి జాబితాలో ఇనుము దాదాపు లేదు, పళ్లూ ఆకుకూరలూ లేవు, పీచు బహు తక్కువ. రక్తహీనత మన దేశంలో అరుదైన సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి ఉన్నట్టు తేలింది. ఇనుము తగ్గితే ఆకలి మందగిస్తుంది, ఆకలి మందగిస్తే తిండి ఇంకా తగ్గుతుంది. అందుకని హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12, విటమిన్ డి పరీక్షల గురించి డాక్టరును అడగండి.

మలబద్ధకం ఉందేమో కూడా చెప్పండి. పాలు, బిస్కెట్లు, చిప్స్ మీద బతికే పిల్లల్లో ఇది చాలా ఎక్కువ. కడుపు బిగిసి ఉన్నవాడికి ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? పుచ్చిన పళ్లు, పెరిగిన టాన్సిల్స్ కూడా నమలడాన్ని, మింగడాన్ని కష్టం చేస్తాయి. మరో ముఖ్యమైన విషయం: మాంసం ముక్క అడ్డుపడక ముందు కూడా బాబు ప్రతి ముద్దకూ నీళ్లు తాగేవాడా? చాలాసేపు నమిలేవాడా? ఎదలో ఆగినట్టుంది అనేవాడా? అన్నవాహికలో అలర్జీ వల్ల వచ్చే ఒక రకం వాపు ఇలాగే బయటపడుతుంది, దాన్ని భయం అనుకుని వదిలేయడం జరుగుతుంటుంది. అలాంటి లక్షణాలుంటే తప్పక చెప్పండి. అత్తగారు నులిపురుగులని అంటుంటే ఆ అనుమానమూ కొట్టిపారేయకండి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేసుకున్నాడో లేదో కనుక్కోండి.

ఇవన్నీ చూశాక శరీరంలో లోపమేదీ తేలకపోతే, డాక్టరు బహుశా ఆర్ఫిడ్ అనే పేరు చెప్పవచ్చు. ఒళ్లు పెరుగుతుందన్న బెంగతో తిండి మానేయడం వేరు. ఇది అందం గురించి ఏ ఆలోచనా లేకుండా తిండి కుంచించుకుపోయే సమస్య. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని విడిగా గుర్తించింది, ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ ఉంది. కొందరు పిల్లలకు రుచి, వాసన, మెత్తదనం భరించలేనంత గట్టిగా తగులుతాయి. కొందరికి తిండి మీద ఆసక్తే ఉండదు. కొందరికి అడ్డుపడుతుందనో, వాంతి అవుతుందనో భయం. మీ బాబు ఈ మూడో దారిలో మొదలైనట్టు కనిపిస్తోంది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఈ సమస్య ఎక్కువగా కనిపిస్తుంది గనుక ఎవరైనా ఆ మాట ఎత్తవచ్చు. ఆరేళ్ల దాకా అన్నీ తిని, ప్రమాదం తరువాతే మారిన పిల్లవాడి విషయంలో కేవలం తిండిని బట్టి ఆ నిర్ణయానికి రాకూడదు.

ఇంట్లో చేయాల్సింది ఒక పని విభజనతో మొదలవుతుంది. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోవాలి, ఇవి మీ పెద్దల నిర్ణయం. అందులో ఏది తినాలి, ఎంత తినాలి, ఇది బాబు నిర్ణయం. పిల్లల పోషణ మీద పనిచేసేవారు దశాబ్దాలుగా చెబుతున్న సూత్రమిది. మన ఇళ్లలో దీన్ని పాటించడం ఎంత కష్టమో నాకు తెలుసు. "ఇంకొక్క ముద్ద", "ఇది నాన్న ముద్ద, ఇది తాతయ్య ముద్ద" అంటూ తినిపించడమే ప్రేమ అని పెరిగినవాళ్లం. అయినా ప్రయత్నించండి. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, మధ్యలో రెండున్నర, మూడు గంటల విరామం. ఆ విరామంలో మంచినీళ్లు తప్ప మరేమీ వద్దు. పాలు రోజుకు అరలీటరు మించనివ్వకండి, మించితే ఆకలీ పోతుంది, ఇనుమూ ఒంటబట్టదు. ప్రతి పూటా వాడు తప్పక తినే పదార్థం ఒకటి పళ్లెంలో ఉండాలి. దాని పక్కన మీరు తినేది చిటికెడు, వేరే చిన్న గిన్నెలో, వాడి అన్నాన్ని తాకకుండా. అరగంటలో లేచిపోనివ్వండి. తిన్నందుకు పొగడ్త, తిననందుకు నిట్టూర్పు, రెండూ వద్దు. బడి కబుర్లు చెప్పుకోండి.

ఫోను విషయంలో తొందరపడకండి. ఒక్కసారిగా లాగేసుకుంటే వాడు తినే ఆ కాస్తా పడిపోవచ్చు. ముందు సాయంత్రం చిరుతిండి వేళ తీసేయండి, అది అలవాటయ్యాక రాత్రి భోజనానికి. ఆ సమయంలో అత్తగారు పక్కన కూర్చుని తన చిన్ననాటి సంగతులు చెబితే ఫోను కంటే మేలు. ఆమె వెంట తిరిగేది మనవడి మీద ప్రాణంతోనే. ఆమెను వంటింటి నుంచి పక్కకు తప్పించకండి, పని మార్చండి.

ఇప్పుడు ఒక సున్నితమైన విషయం. భయం పోవాలంటే పిల్లవాడు ఆ పదార్థానికి మెట్టు మెట్టుగా దగ్గరవ్వాలి. ఒకే బల్లమీద ఉండనివ్వడం, చేత్తో తాకడం, వాసన చూడటం, నాలుకతో తాకడం, కొరికి ఉమ్మేయడం, చివరికి నమిలి మింగడం. ఆ ఉమ్మేయడం దగ్గరే మన ఇళ్లలో గొడవ వస్తుంది. అన్నం పరబ్రహ్మ స్వరూపం, ఎంగిలి చేయకూడదు, పారేయకూడదు. ఆ భావన మీద నాకూ గౌరవం ఉంది. కానీ ఉమ్మేసే వీలు ఉందని తెలిసినప్పుడే వాడు నోట్లో పెట్టుకునే ధైర్యం చేస్తాడు. బఠాణీ గింజంత ముక్క చాలు, పక్కన ఒక ఖాళీ కప్పు పెట్టండి. ఇది భోజనం వేళ వద్దు, మధ్యాహ్నం ఖాళీ సమయంలో వంటింట్లో చేసే పనిగా పెట్టుకోండి. అన్నాన్ని అగౌరవపరచడం లేదని, చికిత్సలో భాగమని అత్తగారికి ముందే చెప్పండి. పదిసార్లు, పదిహేనుసార్లు ఎదురైతే గానీ మామూలు పిల్లలకే కొత్త రుచి అలవాటు కాదు. మీ బాబుకు అంతకంటే ఎక్కువే పట్టవచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలి? వాడు తినేవాటి పక్కింటి నుంచే. కంపెనీ చిప్స్ తింటాడు కాబట్టి ఇంట్లో అంతే పల్చగా కోసి వేయించిన చిప్స్, ఆ తరువాత కాస్త మందంగా కోసినవి, ఆ తరువాత మెత్తటి బంగాళాదుంప వేపుడు. ఈ ఒక్క దారే రెండు మూడు నెలలు పట్టవచ్చు, పట్టనివ్వండి. దోసె మీద ముందు నెయ్యి, అది కుదిరాక అంచున పల్చగా పరిచిన గుడ్డు. దోసె నుంచి గుడ్డుకు చేరితే మాంసకృత్తులూ బి12 రెండూ అందుతాయి. పిండి పోసేటప్పుడే చూపించి, "ఈ సగంలో గుడ్డు ఉంది, ఈ సగంలో లేదు" అని చెప్పాలి. రంగు, రుచి, మెత్తదనం మూడూ ఒకేసారి మార్చకండి. పెసరట్టు పోషకంగా మంచిదే, వాడికి మాత్రం ఆ పచ్చ రంగు ఇప్పట్లో చాలా పెద్ద మార్పు. కోడికూర సంగతి ప్రస్తుతానికి మరిచిపోండి.

గొంతు గురించి వాడితో మాట్లాడండి. మింగేటప్పుడు ఊపిరి గొట్టం మీద చిన్న మూత పడుతుందని, తప్పుదారి పడితే దగ్గు వచ్చి బయటికి నెట్టేస్తుందని బొమ్మ గీసి చెప్పండి. తన నోట్లో ముద్ద ఎంత ఉండాలో తానే నిర్ణయించుకోవచ్చని తెలియాలి. అందుకే ఇకమీదట ముద్దలు వాడే కలుపుకుని తినాలి, వేరేవాళ్లు నోట్లో పెట్టకూడదు. మీరూ మీ వారూ ప్రథమ చికిత్స నేర్చుకోండి. గట్టిగా దగ్గుతున్నంతసేపు దగ్గనివ్వాలి. దగ్గలేకపోతే ముందుకు వంచి భుజాల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు, రాకపోతే బొడ్డు పైన, ఎదురొమ్ము కింద 5 సార్లు లోపలికీ పైకీ నొక్కడం, మళ్లీ మొదటినుంచి. నోట్లో కనిపించని ముక్క కోసం వేలు పెట్టకూడదు. మీకు ధైర్యం ఉంటే అది వాడికి మీ మొహంలోనే తెలుస్తుంది.

పెళ్లి గురించి. వాడికి అలాంటి విందులోనే ప్రమాదం జరిగింది గనుక ఆ బంతులు, ఆ వాసనలు, ఆ హడావుడి చూడగానే భయం మేల్కొంటుంది. ముందుగా ఇంటి పెరుగన్నం తినిపించి, డబ్బాలో కొంచెం తీసుకెళ్లండి. మీ పక్కన కూర్చోనివ్వండి, విస్తట్లో ఏమీ వడ్డించనివ్వకండి. కొసరి కొసరి పెట్టేవారికి "వాడికి కావాల్సింది వాడు తింటున్నాడు" అన్న ఒక్క మాట చాలు, వివరాలు అక్కర్లేదు. ముఖ్యంగా ఎవరూ బాబు వినేలా "ఏమీ తినడు" అనకూడదు. మీ చెల్లెలికీ, అమ్మగారికీ ముందే ఫోను చేసి చెప్పుకోండి. బడిలో టీచరుకు కూడా ఇదే మాట చెప్పాలి: డబ్బా ఖాళీ చేయమని బలవంతం వద్దు, నలుగురిలో నిలబెట్టడం అసలు వద్దు.

ఆకలి సిరప్‌లు మందుల షాపులో మీ అంతట మీరు కొనకండి. వాటిలో చాలావరకు ఉండేది నిద్ర తెప్పించే అలర్జీ మందు, వాడాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి. పాలలో కలిపే తీపి పొడులు కూడా ఆకలిని చంపుతాయి. వాటిని ఆరోగ్య పానీయాల వరుసలో పెట్టి అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వమే ఆన్‌లైన్ అమ్మకందార్లకు చెప్పింది. ఇనుము, విటమిన్ల మందు డాక్టరు రాస్తే బాబుకు తెలిసేలానే, చెంచాతో, విడిగా ఇవ్వండి.

భయం తగ్గించే చికిత్స తెలిసిన పిల్లల మనస్తత్వ నిపుణుల సాయం వీలైనంత త్వరగా తీసుకోండి. ప్రమాదం తరువాత మొదలైన భయం త్వరగా చికిత్స అందితే బాగా లొంగుతుంది. ఖర్చు భారమైతే, 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఉచిత సేవలున్నాయి. బడికి వచ్చే ఆ బృందాన్ని గానీ, ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల విభాగాన్ని గానీ అడిగితే డీఈఐసీకి, అంటే పిల్లల సమస్యలను తొందరగా గుర్తించి సాయం చేసే జిల్లా కేంద్రానికి పంపుతారు. మీ మనసు కుంగిపోతున్న రోజున 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

బాబు నీళ్లు, పాలు కూడా మింగలేకపోయినా, బరువు తగ్గుతున్నా, కళ్లు తిరిగి పడిపోయినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, కాళ్ల నొప్పులతో నడవనని ఏడ్చినా, చీకటి పడ్డాక సరిగా కనిపించడం లేదన్నా, పెళ్లి పనులు పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాంటివేవీ లేకపోతే నెలకొకసారి ఒకే తూకం మీద బరువు చూసి రాసుకోండి. మూడు నెలల తరువాత ఆ అంకెలూ, తినేవాటి కొత్త జాబితా నాకు రాయండి.